కన్నం

స్టేషను రోడ్డు మీది లాడ్జి మూతపడ్డది.
సామాన్లన్నీ బయటేసి అమ్ముతుంటే
నాలుగు వందలకు బేరమాడి
ఈ తెల్ల బేసిన్‌ను రిక్షాల ఎక్కించుకొచ్చిన.
నల్లా కన్నం ఒక్కటే, ఎడమ దిక్కు.
మా బాత్రూం గోడల పైపేమో కుడి దిక్కు.

మారుతి ప్లంబరు వచ్చిండు.
వేలితోటి టకటక కొట్టి చూసి
"ఫుటేల్ తాయీ" అన్నడు.
పగిల్తే నాది కాదు పూచీ.
చాయ్ తాగి పోయిండు.

పదకొండేండ్ల సంది
ధర్మాబాద్ గోదాంల మిర్చి తొడిమలు తీస్తున్న.
పొద్దుందాక తీసిన చేతులు
ఇంటికొచ్చినంక కూడ నా మాట వినయి.
పిల్లకు జడెయ్యరాదు,
కంట్లె నలుసు పడ్డా తుడ్సుకోరాదు.
మజ్జిగల ముంచుత, నూనె రాస్త,
రాత్రి దుప్పటి బయట పండబెడ్త
అలిగిన చుట్టాల లెక్క.
లోపలికి రాంగనే కడుక్కోను
ఒక నల్లా కావాలె, అంతే.

వెల్డింగు షాపు ఇస్మాయిల్ భాయ్ దగ్గర
ఒక్క పూటకు డ్రిల్లు మిషను కిరాయి.
వజ్రప్పొడి అద్దిన గుండ్రటి బిట్టు,
ముప్పై అయిదు మిల్లీలు,
నాందేడ్ నుంచి తెప్పిచ్చిండు.
వజ్రాన్ని చేతిల పట్టుకునుడు
నాకు గదే మొదలు.
కొట్టే గుర్తు మీద పెట్టకు, తిప్పుడే, అన్నడు.
మిషను బరువే చాలు, ఒత్తకు.
నీళ్లు ఆపకు. వైరు తడవనియ్యకు.

ఆడబిడ్డ సుగుణ
బేసిన్ కింద గోనెసంచి మడతేసింది.
గోదాం గోనెనే. ఎంత దులిపినా
ఇద్దరికీ తుమ్ములు.
కాళ్లకు రబ్బరు చెప్పులు తొడుక్కొని
కాగితం టేపు అడ్డం నిలువు అతికిచ్చి
పెన్సిలుతోటి గుండ్రంగ గీసిన.
ఆమె చెంబు పట్టుకున్నది.
దారం లెక్క పొయ్యి, అన్న.

మొదటిసారి జారింది.
తెల్లటి ఒంటి మీద వంకర గీత.
నా గుండెల రాయి పడ్డది.
మళ్ల ఏటవాలుగ వంచి
ఒక్క అంచుతోటే కొరికిచ్చి
నెలవంకంత గాడి పడ్డంక
మెల్లగ నిలబెట్టిన మిషన్‌ను,
నడక నేర్చే పిల్లను నిలబెట్టినట్టు.

"పైలం" అన్నది సుగుణ.
"హళూ, హళూ" అన్నది గోడ మీదికెల్లి పక్కింటి కాకూ.
ఎవరి మాట వినాల్నో మిషన్‌కు తెల్వలె.

పాల లెక్క కారింది పింగాణీ నీరు
నా మోకాళ్ల మీదికి.
మూతి దగ్గర పెట్టుకుంటే తడి మట్టి వాసన.
ఎన్నడో నిప్పుల పడి
పుట్టిల్లు మరిచినట్టుంది,
ఇంత గీకితే గాని యాదికి రాలే.

అంతల గూడ్సు బండి. ఇల్లంత వణికింది.
మిషను ఆపి డబ్బాలు లెక్కపెట్టుకుంట కూసున్నం.
యాభై ఎనిమిది.
"పగిల్తే అన్నకేం చెప్తవ్?" అన్నది సుగుణ.
"చెప్పుడెందుకు, కనబడ్తది గద."
నవ్వుకుంట చెంబు ఒలకబోసింది.

ఆఖరి పొర దగ్గర చప్పుడు మారింది,
గీకుడు పోయి గుసగుస.
అక్కడ్నే చెయ్యి ఉరుకుతది.
కాంటా కాడ సేటు వేలు ఎటు ఒరుగుతదో
చూసీ చూసీ రాటుదేలిన కండ్లు నావి,
వాటినే నమ్ముకొని చెయ్యి తేలిక చేసిన.
టక్కున దిగింది.

పగల్లేదు.

బిట్టుల ఇరుకున్న బిళ్లను మేకుతోటి పొడిచి తీసిన.
మా ముత్తవ్వ మెడల వెండి రూపాయంత.
పిల్ల గుంజుకొని తొక్కుడుబిళ్లకు ఉరికింది.

కన్నంల వేలు పెట్టి చూసిన.
అంచు సుర్రుమన్నది, ఒక రక్తం చుక్క.
పదకొండేండ్లల్ల ఈ వేలికి
మిర్చి పెట్టని మంట.

పొద్దుమీకి మారుతి నల్లా బిగిచ్చిండు.
"ఫుట్‌లా నాహీ?" అని రెండుసార్లు అడిగి
చుట్టూ గోరు తిప్పి చూసిండు.
నీళ్లు రోజు విడిచి రోజు, ఇయ్యాల మా వంతు లేదు.
తిప్పితే గాలొచ్చింది, ముసలోడు దగ్గినట్టు.

ఈ రాత్రి కూడ చేతులు దుప్పటి బయటనే.
తెల్లారి నాలుగింటికి వదుల్తరు.
నల్లా తిప్పే ఉంచిన,
కింద ఇత్తడి చెంబు పెట్టి.